నీళ్లు ఎవరు కాచారు? వేల్స్ స్నానశాలల రెండు వేల ఏళ్ల కథ

బ్రిటన్‌లో ఒక భాగమైన వేల్స్‌లో ఏదైనా కౌన్సిల్, అంటే స్థానిక పాలనా సంస్థ, ఊళ్లో ఈతకొలను మూసేస్తామని ప్రకటిస్తే చాలు, ఊరు ఊరంతా రోడ్డు మీదికి వస్తుంది. కౌన్సిల్ వాళ్లు గ్యాస్ బిల్లు చూపిస్తారు. డాక్టర్లు ఆరోగ్యం సంగతి ఎత్తుతారు. పెద్దవాళ్లు మాత్రం ‘ఇది మా తాతల కూలి డబ్బుతో కట్టింది’ అంటారు. ఒక కొలను మీద ఇంత గొడవ ఎందుకో బయటివాళ్లకు అర్థం కాదు. ఆ మూడో మాట వెనక పెద్ద చరిత్ర ఉంది. దాన్ని విప్పి చూస్తేనే మొదటి రెండు మాటలూ సరిగ్గా అర్థమవుతాయి.

చిక్కంతా పేరులోనే ఉంది. ఇంగ్లిషులో ‘బాత్స్’ అని ఒక్క మాటతో చెప్పేస్తారు గానీ, వేల్స్‌లో ఆ మాట కింద చాలా సంగతులు ఇమిడి ఉన్నాయి. మునిగితే రోగం పోతుందని నమ్మే పుణ్యతీర్థం ఒకటి. గంధకం, ఇనుము కలిసిన ఊటనీళ్లు తాగి, ఒళ్లు తడుపుకునే ‘స్పా’ మరొకటి. సముద్రస్నానం, మురికి వదలడానికి పట్టణంలో కట్టిన స్నానశాల, బొగ్గుగని గుమ్మంలో కట్టిన స్నానాలగది, ఈత కొట్టే కొలను, ఆరుబయట కట్టిన ‘లిడో’ కూడా ఆ పేరుతోనే నడుస్తాయి. వీటిలో దేని కారణం దానిదే, దేనికి డబ్బు పెట్టినవాళ్లు దానికి వేరే. అందుకే ఈ కథ చదివేటప్పుడు ఒక ప్రశ్న చేతిలో పట్టుకుని నడిస్తే దారి తప్పం: ఆ నీళ్లు ఎవరు మోశారు, ఎవరు కాచారు, ఖర్చు ఎవరు భరించారు?

కేర్లియన్ కోటలో సైన్యం కాచిన నీళ్లు

దక్షిణ వేల్స్‌లో అస్క్ నది ఒడ్డున కేర్లియన్ అనే చిన్న ఊరుంది. క్రీ.శ. 75 ప్రాంతంలో రోమన్ల రెండో అగస్టన్ దళం అక్కడ కోట కట్టింది. ఐదు వేలకు పైగా సైనికులు ఉండే కోట అది. అందులో కట్టిన స్నానశాల మనం అనుకునే స్నానాలగది లాంటిది కాదు. ముందు చన్నీళ్ల గది, తర్వాత గోరువెచ్చని గది, ఆ తర్వాత చెమటలు పట్టించే వేడి గది. ఒంటికి నూనె రాసుకుని, వంకర బద్దతో మురికిని గీకి తీసుకునేవాళ్లు. మన నలుగుస్నానం తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. గదుల నేలను చిన్న చిన్న స్తంభాల మీద ఎత్తి కట్టి, కింద ఖాళీలోకి కొలిమి వేడిని పంపేవాళ్లు. రాత్రింబగళ్లు కట్టెలు వేస్తూ ఉండాల్సిందే.

బయట ఆరుబయలులో ఈతకొలను ఉండేది. దానిలో 3,65,000 లీటర్ల నీళ్లు పట్టేవి. లెక్క అందాలంటే ఇలా చూడండి: ఇంట్లో వాడే రేకుతొట్టిలో 40 లీటర్లు పోస్తామనుకుంటే, తొమ్మిది వేలకు పైగా తొట్లు నింపితే గానీ ఆ కొలను నిండదు.

తవ్వకాల్లో అన్నిటికన్నా ఎక్కువ కబుర్లు చెప్పింది మాత్రం మురుగుకాలువే. అందులో చెక్కడపు పని చేసిన ఉంగరపు రాళ్లు 88 దొరికాయి. ఆవిరికీ వేడికీ ఉంగరంలో రాయిని పట్టి ఉంచే జిగురు మెత్తబడేది. రాయి ఊడి, నీళ్లతో పాటు కాలువలోకి జారేది. ఇంటికి వెళ్లి చూసుకుంటే వేలికి ఉంగరం ఉంటుంది, రాయి ఉండదు. ఆడవాళ్ల నగలు, తినేసి పడేసిన ఎముకలు, పిల్లల పాలపళ్లు కూడా ఆ కాలువలో బయటపడ్డాయి. కోట గోడల మధ్యనున్న స్నానశాలే అయినా సైనికుల కుటుంబాలు కూడా లోపలికి వచ్చేవని దీన్ని బట్టి చాలామంది పండితులు అంటారు. అయితే అది రోజూ ఉన్న అలవాటా, కొన్ని వేళలకే పరిమితమా అన్నది కాలువలో దొరికిన వస్తువులతో తేలే సంగతి కాదు. రోమన్లు వెళ్లిపోయాక వాళ్ల కొలిమీ ఆరిపోయింది. తర్వాతి కథ చన్నీళ్లది.

చన్నీళ్లలో మూడు మునకలు: హోలీవెల్

వేల్స్ వాళ్ల సొంత భాష వెల్ష్‌లో ఊటబావిని ‘ఫన్నన్’ అంటారు. దేశమంతటా ఇలాంటి పుణ్యపు ఊటలు వందల్లో ఉన్నాయి. అన్నిటిలోకీ పేరున్నది ఉత్తరాన ఫ్లింట్‌షైర్‌లోని హోలీవెల్‌లో ఉన్న గ్వెన్‌ఫ్రెవి తీర్థం. ఇంగ్లిషువాళ్లు ఆమెను వినిఫ్రెడ్ అంటారు. స్థలపురాణం ప్రకారం కథ ఏడో శతాబ్దంలో జరిగింది. కరడాగ్ అనే దొర కొడుకు ఆమెను బలవంతం చేయబోయాడు. ఆమె పారిపోతుంటే తల నరికాడు. తల పడిన చోట నీళ్లు ఉబికాయి. మేనమామ బేనో తలను మొండేనికి చేర్చి ప్రార్థిస్తే ఆమె లేచి కూర్చుంది. ఇదీ కథ.

నక్షత్రం ఆకారంలో కట్టిన రాతితొట్టి, దాని మీద 1500 ప్రాంతంలో కట్టిన మండపం ఇప్పటికీ ఉన్నాయి. భక్తులు పక్కనున్న చిన్న తొట్టిలో నీళ్ల గుండా మూడుసార్లు నడిచి వెళ్తారు. పదహారో శతాబ్దంలో రాజ్యం కాథలిక్ శాఖ వదిలి ప్రొటెస్టెంట్ శాఖకు మారి తీర్థయాత్రలను అణచివేసినా ఇక్కడికి వచ్చేవాళ్లు ఆగలేదు.

పుణ్యతీర్థాల విషయంలో పండితుల్లో రెండు వాదాలున్నాయి. క్రైస్తవం రాకముందు నుంచీ జనం కొలిచిన జలదేవతలకే తర్వాత సాధువుల పేర్లు పెట్టారని ఒక వర్గం చెబుతుంది. అలా చెప్పడానికి ఒక్కో ఊట దగ్గరా ఆధారం ఉండాలి కదా, చాలాచోట్ల అది లేదని రెండో వర్గం అంటుంది. నాకు రెండో వాదమే జాగ్రత్తగా చెప్పిన మాటగా కనిపిస్తుంది. ఊట పాతదైనంత మాత్రాన పూజ కూడా పాతదని రుజువు కాదు.

1917లో జరిగిన సంగతికి మాత్రం వాదం అక్కర్లేదు. దగ్గర్లోని గనుల నీళ్లు తోడేయడానికి తవ్విన సొరంగం ఈ ఊట జలను తెగ్గొట్టింది. శతాబ్దాలుగా ఆగని తీర్థం ఎండిపోయింది. తర్వాత భూగర్భంలోని వేరే జల నుంచి నీళ్లు మళ్లించి తిరిగి పారించారు. పూర్వపు ఉద్ధృతి మాత్రం మళ్లీ రాలేదు. గనికీ స్నానపు నీళ్లకూ ముడి వేల్స్ చరిత్రలో మళ్లీ మళ్లీ పడుతుంది. ఇది అందులో ఒకటి.

వైద్యం పేరుతో వచ్చిన షికారు

1732లో థియోఫిలస్ ఎవాన్స్ అనే పాదిరికి స్కర్వీ అనే జబ్బు పట్టుకుంది. లాన్‌వర్టిడ్ దగ్గర ‘కంపు ఊట’ అని జనం పిలిచే గంధకపు నీటిబుగ్గ ఉండేది. అది విషమని కొందరి భయం. అందులో ఒక కప్ప నిక్షేపంగా ఈదుతుండడం చూసి, దానికి లేని భయం నాకెందుకని ఆయన ఆ నీళ్లు వాడాడట. జబ్బు తగ్గిందన్న కబురు పాకింది. మధ్య వేల్స్‌లో లాన్‌వర్టిడ్, లాన్‌డ్రిన్‌డాడ్, బిల్త్, లాంగామర్చ్ ఊళ్ల పేర్ల చివర ‘వెల్స్’ అని చేరింది ఈ బుగ్గల వల్లే. 1865లో రైలు వచ్చాక లాన్‌డ్రిన్‌డాడ్‌కు జనం తాకిడి పెరిగింది.

సముద్రానికీ అదే కాలంలో వైద్యుడి హోదా వచ్చింది. ఈ మలుపులో మన దేశం డబ్బు కూడా ఉంది. విలియం పాక్స్‌టన్ కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ టంకశాలలో నాణేల వన్నె పరీక్షించే అధికారిగా పనిచేసి, వ్యాపారంలో బాగా గడించి బ్రిటన్‌కు తిరిగి వెళ్లాడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో టెన్‌బీ రేవులో సముద్రపు నీళ్లతో స్నానశాల కట్టించాడు. దాని గోడ మీద గ్రీకులో ఒక వాక్యం చెక్కించాడు: సముద్రం మనుషుల బాధలన్నీ కడిగేస్తుందని దాని భావం. బెంగాల్‌లో సంపాదించిన సొమ్ము వెల్ష్ సముద్రతీరంలో సంపన్నుల స్నానానికి వేణ్ణీళ్లయింది. ఆ ఊరి చరిత్ర చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా చెప్పి తీరాలి.

ఒక పెన్నీకి చన్నీళ్లు, రెండు పెన్నీలకు వేణ్ణీళ్లు

ఇంతవరకూ చెప్పినదంతా సైన్యానికో, భక్తికో, డబ్బున్నవాళ్లకో సంబంధించింది. ఇంట్లో కుళాయి లేని కూలివాడి స్నానం సంగతి చట్టంలోకి వచ్చింది 1846లో. కలరా భయం, కిక్కిరిసిన మురికివాడలు దానికి కారణం. ఆ చట్టం పట్టణ సంస్థలకు పన్ను డబ్బుతో స్నానశాలలు, బట్టలుతికే శాలలు కట్టే అధికారం ఇచ్చింది. ఇక్కడ ఒక్క మాట పట్టుకోవాలి: అధికారం ఇచ్చింది గానీ, కట్టి తీరాలని చెప్పలేదు. ఈ తేడా ఈనాటికీ కొనసాగుతోంది, చివర్లో మళ్లీ దాని దగ్గరికి వస్తాం. కూలి జనానికి చన్నీళ్ల స్నానం ఒక పెన్నీ, వేణ్ణీళ్లైతే రెండు పెన్నీలు మించకూడదని ధర కూడా చట్టమే కట్టింది. 1878లో మరో చట్టం కప్పున్న ఈతకొలనులు కట్టడానికి దారి తెరిచింది. మురికి వదిలించుకునే చోటు ఆటస్థలంగా మారడం అక్కడ మొదలైంది.

చరిత్రకారులు ఇక్కడ రెండు రకాలుగా చూస్తారు. ఇది ప్రజారోగ్యం కోసం వేసిన పెద్ద అడుగని కొందరు అంటారు. పేదవాణ్ణి శుభ్రపరిచి క్రమశిక్షణలో పెట్టాలన్న పెద్దమనుషుల తాపత్రయమని మరికొందరు. అప్పటి స్నానశాలల్లో ‘మొదటి తరగతి’, ‘రెండో తరగతి’ విభజన ఉండేది. నీళ్లు శుద్ధిచేసే యంత్రాలు రాకముందు, మార్చి చాలా రోజులైన నీళ్లలో స్నానానికి ధర తక్కువ తీసుకోవడం బ్రిటన్‌లో మామూలే. ఇవి చూస్తే రెండో వాదాన్ని కొట్టిపారేయలేం. కానీ పిల్లలు ఆ గుమ్మం ముందు బారులు తీరి నిలబడింది ఎవరో పంపితే కాదు. నీళ్లంటే ఇష్టంతో వాళ్లంతట వాళ్లే వచ్చారు.

ఆ ఇష్టం ఎంతదూరం తీసుకెళ్లిందో వేల్స్ రాజధాని కార్డిఫ్‌ను చూస్తే తెలుస్తుంది. గిల్డ్‌ఫోర్డ్ క్రెసెంట్‌లో 1862లో స్నానశాల తెరిచారు. 1886లో ఆ నగరంలో పుట్టిన పాలో రాడ్‌మిలోవిచ్ 1908, 1912, 1920 ఒలింపిక్స్‌లో వాటర్‌పోలో, ఈత కలిపి నాలుగు స్వర్ణాలు గెలిచాడు. రోత్ పార్క్ చెరువులో సాధన చేసిన ఐరీన్ స్టియర్ 1912లో రిలే ఈతలో స్వర్ణం తెచ్చింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల ఈత పోటీలు పెట్టింది ఆ ఏడాదే.

గని నుంచి ఇంటికొచ్చిన మురికి

ఇప్పుడు అసలు కథకు వద్దాం. 1900ల మొదట్లో, దక్షిణ వేల్స్ బొగ్గుగనుల ప్రాంతమైన రోండా లోయలో ఒక ఇల్లు ఊహించుకోండి. తండ్రి, ఇద్దరు కొడుకులు గనిలో పనిచేస్తారు. షిఫ్టు దిగి, తల నుంచి కాలి దాకా బొగ్గుమసితో, తడిబట్టలతో ఇంటికి వస్తారు. పెరటి గోడ మేకుకు వేలాడే రేకుతొట్టిని దించి పొయ్యి ముందు పెడతారు. బాయిలర్ల కొద్దీ నీళ్లు మరుగుతుంటాయి. మగవాళ్లు ముందు నడుం పైభాగం కడుక్కుని, తర్వాత కింది భాగం కడుక్కుంటారు. వీపు మాత్రం భార్యో తల్లో రుద్దాలి. అదే గదిలో వంట, అదే గదిలో పిల్లలు, అదే గదిలో గనిబట్టలు ఆరేయడం.

లెక్క వేద్దాం. మనిషికి 40 లీటర్లు అనుకుంటే ముగ్గురికి రోజుకు 120 లీటర్లు. వారానికి ఆరు రోజుల పని, అంటే 720 లీటర్లు. బరువులో 720 కిలోలు. ఇది లోపలికి మోసినది మాత్రమే. మసినీళ్లు మళ్లీ అంతే బరువు బయటికి మోసి పారబోయాలి. ముగ్గురివీ వేర్వేరు షిఫ్టులైతే పొయ్యి ఆరేదే కాదు, ఆమె నిద్రపోయేదే కాదు. మరిగే నీళ్లలో పడి పసిపిల్లలు కాలిపోయేవాళ్లు. నిండు గర్భిణులు కాగులెత్తి నడుం పోగొట్టుకునేవాళ్లు. గని ప్రమాదాల లెక్కలో వీళ్లెవరూ ఉండేవాళ్లు కాదు.

జర్మనీ, బెల్జియం, ఫ్రాన్స్ గనుల దగ్గర అప్పటికే స్నానశాలలు ఉన్నాయి. బ్రిటన్‌లో 1911 బొగ్గుగనుల చట్టం వాటికి దారి చూపింది గానీ, ఆ దారి నిండా ముళ్లే. గనిలో మూడింట రెండు వంతుల మంది ఓటు వేసి కావాలనాలి. నిర్వహణ ఖర్చులో సగం కార్మికులు భరించాలి. మొత్తం ఖర్చు మనిషికి వారానికి మూడు పెన్నీలు దాటితే యజమానికి ఏ బాధ్యతా లేదు.

వెయ్యి మంది ఉన్న గనిని ఉదాహరణగా తీసుకుందాం. 667 మంది ఓటేయాలి. 666 వస్తే కథ కంచికే. ఓటు గెలిచినా, ఖర్చు వారానికి మూడు వేల పెన్నీల లోపే ఉండాలి. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు, అంటే పన్నెండున్నర పౌండ్లు. అంచనా మనిషికి మూడుంపావు పెన్నీలని తేలితే యజమాని చేతులు దులుపుకోవచ్చు. బొగ్గు కుప్పల మీద కూర్చున్న గనికి వేణ్ణీళ్ల ఖర్చు ఒక పావు పెన్నీ దాటిందని స్నానశాల ఆగిపోగలదు. వేల్స్‌లో మొట్టమొదటి గని స్నానశాల 1916లో ట్రెహారిస్‌లోని డీప్ నావిగేషన్ గనిలో తెరుచుకుంది. చట్టం వచ్చి అప్పటికి ఐదేళ్లు.

కార్మికులే ఎందుకు వద్దన్నారు?

చదివేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. చాలామంది గనికార్మికులు మొదట్లో ఈ స్నానశాలలకు ఎదురు తిరిగారు. వీపు కడిగితే వెన్ను బలం పోతుందని ఒక నమ్మకం. వేణ్ణీళ్లు పోసుకుని చలిగాలిలో ఇంటికి నడిస్తే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుందని ఒక భయం. నలుగురిలో బట్టలు విప్పడం సిగ్గు. వారం వారం కూలిలో కోత. ఏళ్ల తరబడి మాట తప్పిన యజమాని ఇప్పుడు సబ్బు ఇస్తానంటే నమ్మకం కుదరకపోవడం.

వీటిని మూఢత్వమని తోసేయడం తేలిక. చివరి రెండు కారణాలకు మాత్రం మూఢత్వంతో పనిలేదు. కానీ ఇంకో సంగతీ ఉంది. ఓటు మగవాళ్లది, నీళ్లు మోసేది ఆడవాళ్లు. ఓటున్నవాడికి మోత లేదు, మోసేవాళ్లకు ఓటు లేదు. స్నానశాలలు ఆలస్యం కావడానికి దీనికి మించిన కారణం నాకు కనబడదు.

ఆ మాటను ప్రభుత్వం ముందు పెట్టిన మనిషి ఎలిజబెత్ ఆండ్రూస్. గనికార్మికుడి కూతురు, రోండా లోయ నివాసి, లేబర్ పార్టీ మహిళా కార్యకర్త. 1919లో బొగ్గు పరిశ్రమ మీద విచారణ జరిపిన శాంకీ కమిషన్ ముందు, మరో ఇద్దరు మహిళలతో పాటు ఆమె సాక్ష్యం చెప్పింది. ఇళ్ల దుస్థితి, నీళ్ల బరువుకు ఆడవాళ్ల ఒళ్లు గుల్లవుతున్న తీరు, గని గుమ్మంలో స్నానశాల ఎందుకు కావాలో చెప్పింది.

తర్వాత డబ్బుకు దారి దొరికింది. 1920 చట్టం తవ్వితీసిన ప్రతి టన్ను బొగ్గుకూ ఒక పెన్నీ చొప్పున సంక్షేమ నిధికి కట్టమంది. ఏడాదికి 2,40,000 టన్నులు తీసే గని నుంచి వెయ్యి పౌండ్లు చేరేవన్నమాట. 1926లో ఇంకో సుంకం వచ్చింది. బొగ్గు ఎవరి నేల కింద ఉందో ఆ భూస్వామికి గని కంపెనీ రాయల్టీ కడుతుంది. ఆ రాయల్టీలో పౌండుకు ఒక షిల్లింగు, అంటే ఇరవయ్యో వంతు, గని స్నానశాలలకే కేటాయించారు. పదివేల పౌండ్ల రాయల్టీ అందుకునే దొర ఐదు వందలు వేణ్ణీళ్లకు ఇవ్వాల్సిందే. ఈ డబ్బుతో బ్రిటన్ అంతటా మూడు వందలకు పైగా స్నానశాలలు లేచాయి.

వాటి నమూనా చూడాలంటే బ్లైనావన్‌లోని బిగ్ పిట్ గనికి వెళ్లాలి. 1939 నాటి ఆ స్నానశాల ఇప్పుడు జాతీయ బొగ్గు మ్యూజియంలో భాగం. ‘మురికి వైపు’ నుంచి లోపలికి వస్తారు. అక్కడి లాకర్‌లో గనిబట్టలు పెడతారు. షవర్ల కింద ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటారు. ‘శుభ్రం వైపు’ లాకర్‌లో ఉన్న ఇంటిబట్టలు వేసుకుని బయటపడతారు. లాకర్ల గుండా వేడిగాలి ఊది, మర్నాటికల్లా తడి గనిబట్టలను ఆరబెట్టేవాళ్లు. కార్మికుల మధ్య మాటామంతీ సాగే చోటు కూడా ఆ స్నానశాలే. తెల్లటి పలకలు, పెద్ద గాజుకిటికీలు, పైన చదును కప్పు. మసిబారిన లోయలో వెలుతురు కోసం కట్టిన భవనాలవి.

ఈ ఏర్పాటు మన దేశానికీ వచ్చింది. గనుల దగ్గర స్నానశాలల కోసం మన ప్రభుత్వం 1959లో నియమాలు చేసింది. సింగరేణి కుటుంబాల్లో పెరిగినవాళ్లకు, మసితో ఇంటికొచ్చే తండ్రికి నీళ్లు కాచి పెట్టిన తల్లిని ఎరిగినవాళ్లకు, రోండా లోయ పరాయి చోటుగా అనిపించదు.

లిడో: పనిలేని నీళ్లు

మురికి వదిలాక మిగిలేది ఆట. పొంటిప్రీద్‌లో టాఫ్ నది పక్కనున్న ఇనిసంగారద్ పార్కులో 1927లో ఆరుబయట కొలను తెరిచారు. దీనికీ గనికార్మికుల సంక్షేమ నిధి చేయి కలిపింది. పొద్దస్తమానం చీకట్లో పనిచేసే మనుషులు, తమ పిల్లలు ఎండలో ఈదాలని కోరుకున్నారు. చెక్క గదుల వరస, తిరిగే ఇనుప గేట్లు ఆ కాలం గుర్తులుగా ఇప్పటికీ నిలిచాయి. 1991లో మూతపడి, పాతికేళ్లు కావస్తుండగా 2015లో మళ్లీ తెరుచుకుంది. 2020 ఫిబ్రవరిలో డెన్నిస్ తుపానుకు టాఫ్ పొంగి లిడోను ముంచింది. బాగుచేసి మళ్లీ నడిపారు.

కార్డిఫ్ ఎంపైర్ పూల్‌కు ఆ అదృష్టం దక్కలేదు. 1958 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన ఆ కొలనును 1998లో, మిలీనియం స్టేడియం నిర్మాణం కోసం కూల్చారు. దానికి బదులు మరో అంతర్జాతీయ కొలను రావడానికి 2008 దాకా పట్టింది. ఆ పదేళ్లలో పెరిగిన పిల్లలకు ఆ నష్టం ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఇప్పటి తగాదా ఏమిటి?

1846 చట్టం దగ్గర ఆపిన మాట ఇక్కడ అందుకోవాలి. కొలను నడపడం వేల్స్ కౌన్సిళ్లకు ఇప్పటికీ చట్టం విధించిన విధి కాదు. బడులు, వృద్ధుల సంరక్షణ తప్పనిసరి. ఈతకొలను ఇష్టమైతే నడపవచ్చు. కాబట్టి నిధులు తగ్గినప్పుడు ముందు కత్తి పడేది దీని మీదే. కొలనుకు జనం వచ్చినా రాకపోయినా నీళ్లు వెచ్చగా ఉంచాలి, వడపోత ఆగకూడదు. ఇంధనం ధర పెరిగిన రోజున బిల్లు ఒక్కసారిగా మీద పడుతుంది.

కౌన్సిల్ వాదనలో న్యాయం ఉంది: వృద్ధురాలి సంరక్షణ ఆపి కొలనును వెచ్చబెట్టలేం కదా. ఎదుటి వాదనలోనూ ఉంది: పిల్లలకు ఈత రావడం ప్రాణాలు కాపాడే విద్య, ముసలివాళ్ల కీళ్లకు అది మందు, ఒకసారి మూసిన కొలనును తిరిగి తెరవడం మహా కష్టం. వెల్ష్ ప్రభుత్వం 2003 నుంచి పిల్లలకు సెలవుల్లో, తర్వాత అరవై దాటినవాళ్లకు ఉచిత ఈత పథకం తెచ్చింది ఈ రెండో వాదాన్ని నమ్మే. నదుల్లో, సముద్రంలో ఈదండి అనే మూడో మాట కూడా వినిపిస్తుంది. స్నానానికి గుర్తించిన తీరాల్లో మే 15 నుంచి సెప్టెంబరు 30 దాకా నీటిని పరీక్షించి, ‘అతిబాగు’ నుంచి ‘నాసి’ దాకా నాలుగు తరగతుల్లో ఒకటి ఇస్తారు. పరీక్ష వెతికేది మలంతో వచ్చే సూక్ష్మజీవుల కోసం. గుర్తింపు లేని చోట ఆ పరీక్షా లేదు. పైగా వేల్స్ చలికాలంలో ఆరేళ్ల పిల్లకు నదిలో ఈత నేర్పలేం.

కార్డిఫ్‌కు కాస్త పైన, టాఫ్ ఒడ్డునే ఫన్నన్ టాఫ్ అనే ఊరుంది. వేల్స్ మొత్తానికి సహజంగా వెచ్చటి ఊట అదొక్కటే. నీటి వేడి సుమారు 20 డిగ్రీలు. కీళ్లనొప్పులవాళ్లు ఒకప్పుడు అందులో కూర్చోవడానికి వచ్చేవాళ్లు. తర్వాత అక్కడ ఈతకొలను కూడా నడిచింది, అదీ పోయింది. ఈమధ్య స్థానిక కౌన్సిల్ ఆ ఊటలోని వెచ్చదనాన్ని హీట్ పంపులతో తీసి, పక్కనున్న పార్కు భవనాన్ని, ప్రాథమిక బడిని వెచ్చబెట్టే పని చేపట్టింది. నీళ్లు మోసేవాళ్లు లేరు, బొగ్గు లేదు, బాయిలర్ లేదు. నేల తనంతట తాను కాచిన నీళ్లు ఇన్నాళ్లూ ఊరికే నదిలో కలిసిపోయాయి.